నేల మీద కూర్చోగలిగే కాలు

జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆస్పత్రి. 1960ల నడిమి కాలం. ఎముకల విభాగం వరండాలో పొద్దున్నే జనం నిండిపోయారు. పెద్ద పెద్ద తలపాగాల రైతులు, పోలియో సోకిన పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కాలికి కట్టుతో బల్లల మీద ఒరిగిన కూలీలు. గోడ పొడుగునా చంకకర్రలు చేరవేసి ఉన్నాయి. లోపల డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ ఒక్కొక్కరినే చూసి పంపుతున్నారు.

ఒక నడివయసు రైతు రెండు కర్రల మీద ఊగుతూ లోపలికొచ్చాడు. కుడి కాలు మోకాలి కింద నాలుగు వేళ్ల వరకే ఉంది. ఆ కాలు తీసేసింది ఈ విభాగంలోనే. గాయం మానాక కృత్రిమ కాలు పెట్టించుకొమ్మని రాసి పంపిందీ ఇక్కడినుంచే. ఇవాళ వచ్చింది వేరే బాధతో. డాక్టరు చూపు మాత్రం ఖాళీగా వేలాడుతున్న ధోవతి అంచు మీదే ఆగింది.

"కాలేదీ?"

"ఇంట్లో ఉంది డాక్టర్ సాబ్. మూలకు నిలబెట్టాను. కొత్తదానిలాగే ఉంది, ఏం పాడవలేదు."

మనిషి మారొచ్చు, ఊరు మారొచ్చు. ఆ రోజుల్లో ఆ గదిలోకి కర్రలతో తిరిగొచ్చినవాళ్లని ఎవరిని అడిగినా కాస్త అటూ ఇటూగా ఇదే జవాబు. కాలు పోయినవాడికి కాలు ఇచ్చారు. తీసుకున్నాడు. తీసుకెళ్లి మూలన పెట్టాడు. మళ్లీ కర్రలే పట్టుకున్నాడు.

ఆ కాలు ఊరికే రాలేదు. అప్పట్లో రాజస్థాన్‌లో కాలు పోయినవాళ్లు కృత్రిమ కాలు కోసం ఎక్కడో పుణె దాకా పోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్న సైనికుల కోసం 1944లో పెట్టిన కృత్రిమ అవయవాల కేంద్రం అక్కడుంది. రైలు ఖర్చులు, తోడొచ్చిన మనిషి కూలీ నష్టం, కొలతలకీ బిగింపులకీ వారాల తరబడి అక్కడే పడిగాపులు. ఇంత చేసి తెచ్చుకున్నదాన్ని ఎవరైనా మూలన పడేస్తారా? పడేశారంటే అందులో ఏదో ఉంది. పల్లెటూరివాళ్లకి అలవాటు కాలేదనో, తెలివి చాలలేదనో అనుకుని సర్దిచెప్పుకున్న డాక్టర్లు లేకపోలేదు. సేఠీ అలా అనుకోలేదు. రోగి కాలు విడిచిపెట్టాడంటే ఆ కాలు పరీక్షలో తప్పిందని ఆయన లెక్క. ఆయన పరిశోధక జీవితమంతా ఈ ఒక్క నమ్మకం మీద నడిచిందని నేననుకుంటాను.

రానివాడి చేతికి వచ్చిన విభాగం

సేఠీ ఎముకల డాక్టరుగా చదువుకున్నవాడు కాదు. 1927లో బనారస్‌లో పుట్టారు. తండ్రి భౌతికశాస్త్రం పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఆగ్రా వైద్య కళాశాలలో చదివి, ఎడిన్‌బరోలో ఎఫ్‌ఆర్‌సీఎస్ పూర్తి చేసి, 1954లో జైపూర్ వచ్చి జనరల్ సర్జన్‌గా చేరారు. కడుపు కోసి కుట్టే చేతులవి. 1958లో మెడికల్ కౌన్సిల్ తనిఖీకి వస్తుందనగా, కాలేజీలో ఎముకల విభాగమంటూ ఒకటి కనబడాలి కాబట్టి, దాన్ని మీరు చూడండని ఆయనకు అప్పగించారు. అలా మొదలైంది.

రానిపని నెత్తిన పడినప్పుడు మనిషికి రెండు దారులు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసుకుపోవడం ఒకటి. ఎదురుగా ఉన్న మనిషిని చూసి నేర్చుకోవడం రెండోది. విరిగిన ఎముక అతికితే సరిపోదు, ఆ మనిషి మళ్లీ తన పని తాను చేసుకోవాలి కదా అన్న ఆలోచన ఆయనకు తొలినాళ్లలోనే పట్టుకుంది. ఆపరేషన్ బల్ల మీద సర్జన్ పని ముగిసిపోతుందని నేర్చుకొచ్చిన కాలంలో ఇది మామూలు విషయం కాదు. వ్యాయామాలు చేయించే ఏర్పాట్లు చేశారు. పోలియో పిల్లల క్యాలిపర్లు, కాళ్లూ చేసే పనివాళ్లను ఆస్పత్రి ఆవరణలోకే తెచ్చుకున్నారు. పునరావాస పరిశోధన కేంద్రం ఒకటి మెల్లగా అక్కడ రూపుకట్టింది.

నేల అడిగే ప్రశ్నలు

ఆ మూలన నిలబెట్టిన కాళ్ల సంగతేంటో చూద్దాం.

అప్పట్లో ప్రపంచమంతా చెలామణిలో ఉన్నది సాచ్ పాదం. 1950లలో అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైంది. చీలమండ దగ్గర కదలిక ఉండదు. మడమలో మెత్తటి దిండులాంటి రబ్బరు, లోపల ముందు వరకూ సాగిన గట్టి చెక్క. కీళ్లు లేవు కాబట్టి అరగవు, విరగవు. చదునైన నేల మీద, బూటు తొడుక్కుని, నడిచి వెళ్లి కుర్చీలో కూర్చునే మనిషికి చక్కగా పనికొస్తుంది. తన సొంత నేల మీద అది మంచి పాదమే.

ఇప్పుడు దాన్నే రాజస్థాన్ రైతుకి తొడగండి. ఆ పాదానికి బూటు తప్పనిసరి. బూటు లేకపోతే మడమ ఎత్తు తేడా వచ్చి నడక చెడుతుంది, పాదం అరిగిపోతుంది. బూటుతో వంటింట్లోకి పోలేడు, గుళ్లోకి పోలేడు, మసీదులోకి పోలేడు. పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు బురదలో దిగితే బూటు ఊడి అక్కడే ఉండిపోతుంది. నీళ్లు పీల్చి చెక్క, మెత్తటి రబ్బరు రెండూ పాడవుతాయి. పైగా ఒక్క కాలికే బూటేసుకుని తిరగలేడు కాబట్టి, బతుకంతా జోళ్లు లేకుండా నడిచిన మనిషి రెండో కాలికి కూడా బూటు కొనాలి.

ఇదంతా నిలబడి ఉండగా వచ్చే చిక్కు. కూర్చోబోతే అసలు కథ మొదలవుతుంది. గొంతుక్కూర్చోవడం మనకు ఎంత అలవాటంటే అందులో ఏం జరుగుతుందో గమనించం. అరికాలు మొత్తం నేలకు ఆని ఉంటుంది. మోకాలి కింది భాగం ముందుకు బాగా వాలి, పాదం పైకి వంగుతుంది. చీలమండ అంత వంపు ఇవ్వకపోతే మనిషి వెనక్కి పడతాడు. సాచ్ పాదంలో ఆ వంపు లేదు. మరుగుదొడ్డికెళ్లడం, పొయ్యి దగ్గర కూర్చుని వంట చేసుకోవడం, కలుపు తీయడం, కొలిమి ముందు పని, కుండలు చేయడం అన్నీ గొంతుక్కూర్చుని చేసేవే.

బాసింపట్టు వేసుకుంటే ఇంకో రకం వంపు. పాదం లోపలికి మళ్లి, బయటి అంచు నేలకు ఒత్తుకుంటుంది. గట్టి పాదమైతే మళ్లదు. అప్పుడా తోపుడంతా పైకి పాకి, తొడుగు లోపల ఉన్న మొండి కాలిని మెలిపెడుతుంది. చర్మం ఒరుసుకుపోతుంది. పుండవుతుంది. పుండైన కాలితో రెండు రోజులు ఇంట్లో కూర్చుంటే కూలీ పోతుంది. చాలు గట్ల మీద నడిస్తే మూడో చిక్కు: పాదం అటూ ఇటూ ఒరగాలి. ఇసుకలోనూ అంతే.

సేఠీ ఈ మూడు కదలికలనూ విడివిడిగా పట్టుకున్నారు. పైకి వంగడం, లోపలికి మళ్లడం, పక్కకు ఒరగడం. వీటికి తోడు ఇంకొన్ని కోరికలు: బూటు అక్కర్లేకుండా ఉండాలి, నీళ్లలో తడిసినా పాడవకూడదు, చౌకగా ఉండాలి, ఊళ్లో దొరికే సామానుతో ఊళ్లో పనివాడు చేయగలగాలి. చూడ్డానికి పాదంలాగే ఉండాలన్నది కూడా ఇందులో ముఖ్యమైనదే. బూటు దాచిపెట్టే పాదం ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు. చెప్పుల్లేకుండా తిరిగే ఇళ్లలో అందరికీ మొదట కనబడేది పాదమే. మెట్టెలు పెట్టుకునే మన ఆడవాళ్లకి వేళ్లు లేని చెక్క దిమ్మను ఇచ్చి పాదమని ఒప్పుకొమ్మంటే ఎలా?

మాస్టర్‌జీ

ఈ జాబితా చేతిలో ఉంది. చేసేవాడెవరు?

రామచంద్ర శర్మను అందరూ మాస్టర్‌జీ అనేవారు. తరతరాల శిల్పుల ఇంటివాడు. బడి చదువు కొద్దిపాటిదే. రోగులకు చేతిపనులు నేర్పే మాస్టారుగా ఆస్పత్రికి వచ్చారు. చెక్క, రాయి, లోహం, దంతం ఏదిచ్చినా చేయి ఆడే మనిషి. ఆయనకు శరీరశాస్త్రం తెలియదు. సేఠీకి ఉలి పట్టుకోవడం తెలియదు. ఆస్పత్రి వర్క్‌షాపులో ఈ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొన్నేళ్లు గడిపారు. డాక్టరు ఎముకలు చూపించి ఏది ఎటు తిరుగుతుందో చెబుతారు. మాస్టర్‌జీ విని ఏదో ఒకటి చేసి తెస్తారు. దాన్ని తొడుక్కుని చూడడానికి కాలు పోయినవాళ్లు ఎప్పుడూ అక్కడే ఉండేవారు. ఈ మూడో మనిషిని మరిచిపోయి చాలామంది ఈ కథ చెబుతుంటారు. తొడుక్కుని, నడిచి, కూర్చుని, పడి, లేచి, ఇది బాగోలేదని మొహం మీద చెప్పిన ఆ రోగులు కూడా ఈ పరిశోధనలో భాగస్వాములే.

1968 ప్రాంతం. మాస్టర్‌జీ సైకిలుకి పంచరైంది. దారిలో ఒక టైర్ల దుకాణం ముందు దిగారు. అక్కడ లారీ టైర్లకి కొత్త రబ్బరు వేస్తున్నారు. అరిగిపోయిన టైరు మీద పచ్చి రబ్బరు పట్టీ చుట్టి, అచ్చులో బిగించి, వేడి పెడుతున్నారు. మెత్తగా, వేలు పెడితే దిగబడేలా ఉన్న ముద్ద కాసేపటికి అచ్చు ఆకారం తీసుకుని గట్టిపడి బయటికొస్తోంది. గట్టిపడినా వంగుతోంది. వంచి వదిలితే మళ్లీ యథాస్థానానికి వస్తోంది. టన్నుల బరువు మోస్తూ రాళ్ల మీద, నీళ్లలో, ఎండలో పరిగెత్తాల్సిన రబ్బరు అది.

గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు ఇలా మారుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లోనే కనిపెట్టాడు. మనవాళ్లు రోజూ ఆ పని రోడ్డు పక్కన చేస్తున్నారు. దాన్ని కాలి వైపు తిప్పి చూసింది పంచరైన సైకిలు పక్కన నిలబడ్డ ఈ మనిషి.

ఆయన తిన్నగా సేఠీ దగ్గరికి వెళ్లారు. ఇద్దరూ మాట్లాడుకున్నాక మాస్టర్‌జీ పాదం అచ్చు పట్టుకుని మళ్లీ ఆ దుకాణానికి వచ్చారు. ఇందులో రబ్బరు పోసి పాదం చేసివ్వాలన్నారు. ఎందుకో తెలిసిన దుకాణం యజమాని డబ్బులు వద్దన్నాడని ఈ కథ చెప్పేవాళ్లందరూ చెబుతారు.

అచ్చు తెరిచాక

తొలి రబ్బరు పాదం చూడ్డానికి అందమైనదే. అసలు పాదంలాగే ఉంది. తొడిగి చూస్తే పనికిరాలేదు. ముద్ద రబ్బరు బరువు. మొండి కాలికి రాయి కట్టినట్టు లాగేస్తుంది. వంగుతుంది కానీ వంగాల్సినంత వంగదు. బరువు తగ్గించబోతే బలం తగ్గుతుంది. బలం పెంచితే మళ్లీ బిగుసుకుపోతుంది.

ఇక్కడ డాక్టర్ ఎస్.సి. కాస్లీవాల్, డాక్టర్ ఎం.పి. ఉదావత్ అనే మరో ఇద్దరు తోడయ్యారు. పరిష్కారం పాదాన్ని ఒకే ముద్దగా చూడడం మానేయడంలో దొరికింది. నిజమైన పాదం లోపల ఎముకలు వేరు, కండ వేరు, చర్మం వేరు. రబ్బరు పాదం లోపల కూడా అలాగే పెట్టారు. మడమలో ఒక స్పాంజి రబ్బరు దిమ్మ. పాదం ముందు భాగంలో మరో స్పాంజి రబ్బరు దిమ్మ. చీలమండ దగ్గర మాత్రం పొరలు అతికించిన చెక్క దిమ్మ, అందులోంచి పైకి ఒక బోల్టు, కాలి గొట్టానికి బిగించడానికి. సాచ్ పాదంలో ముందు వరకూ సాగిన చెక్క ఇక్కడ చీలమండ దగ్గరే ఆగిపోయింది. అది ఆగిన చోటే వంపు మొదలైంది.

పని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. అల్యూమినియం అచ్చు రెండు చెక్కలుగా తెరుచుకుంటుంది. లోపల చర్మం రంగు పచ్చి రబ్బరు పలుచగా పరుస్తారు, అది పైపొర. వేళ్ల గుంతల్లోకి వేలితో నొక్కి మరీ కూరుస్తారు, లేకపోతే గాలి బుడగ మిగిలి వేలి కొస ఊడిపోతుంది. స్పాంజి దిమ్మల్ని, చెక్కని టైర్లలో వాడే దారపు పోగులున్న రబ్బరు పట్టీలతో చుట్టి ఒకదానికొకటి కడతారు. మన పాదంలో స్నాయువులు చేసే పని ఆ పోగులు చేస్తాయి. అరికాలికి లారీ టైరుకు వేసే గట్టి రబ్బరు, ఎందుకంటే నేలతో ఒరుసుకునేది అదే. అన్నీ పేర్చాక అచ్చు మూసి బోల్టులు బిగించి వేడికి పెడతారు. దిగాక చల్లార్చి తెరిస్తే వేళ్లతో సహా పాదం. అంచుల్లో పొంగిన రబ్బరు కత్తితో కోసేయడమే మిగిలిన పని.

ఇందులో కీలు ఎక్కడా లేదు. తిరిగే ఇరుసు లేదు, నూనె వేయాల్సింది లేదు. స్పాంజి ఎటు నొక్కితే అటు అణుగుతుంది కాబట్టి పాదం పైకి వంగుతుంది, పక్కకు ఒరుగుతుంది, లోపలికి మళ్లుతుంది. నేల అడిగిన మూడు కదలికలకూ ఒక్కటే జవాబు. పై గొట్టానికి అల్యూమినియం రేకు తీసుకున్నారు. రేకును సుత్తితో కొట్టి కాలి ఆకారం తెప్పించడం జైపూర్‌లో గిన్నెలూ బిందెలూ చేసే పనివాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య.

పరీక్ష పెట్టినవాళ్లు రోగులే. తొడుక్కుని ఉత్త పాదంతో నడిచారు. గొంతుక్కూర్చుని లేచారు. పొలంలో దిగారు. చెట్లెక్కారు. ఈ ఫలితాలను సేఠీ బృందం 1978లో అంతర్జాతీయ పత్రిక ప్రాస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ ఇంటర్నేషనల్‌లో ప్రచురించింది. ఆ వ్యాసం కింద నాలుగు పేర్లున్నాయి: సేఠీ, ఉదావత్, కాస్లీవాల్, చంద్ర. చివరి పేరు మాస్టర్‌జీది. బడి చదువు పెద్దగా లేని శిల్పి పేరు సర్జన్ల పక్కన పరిశోధనా పత్రంలో అచ్చయింది. తర్వాతి కాలంలో బహుమతులూ బిరుదులూ ఎక్కువగా డాక్టరుకే వచ్చాయి, శర్మకు రావాల్సినంత పేరు రాలేదు. అది అన్యాయమే. అందుకే ఆ వ్యాసం మీది నాలుగో పేరును ఇక్కడ గుర్తు చేస్తున్నాను.

ఈ పాదానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చు.

ఎడారి దారిలో ఒక ప్రమాదం

పాదం తయారైంది కానీ జనానికి చేరలేదు. మొదటి ఆరేడేళ్లలో తొడిగిన కాళ్లు పదుల సంఖ్యలోనే. ఆస్పత్రి వర్క్‌షాపు చిన్నది, డబ్బు లేదు.

1969లో జైసల్మేర్ జిల్లా కలెక్టరుగా ఉన్న డి.ఆర్. మెహతా పోఖ్రాన్ దగ్గర కారు ప్రమాదంలో చిక్కుకున్నారు. కాలు నుజ్జయింది. తీసేయాల్సి వస్తుందేమో అన్నంత వరకూ వెళ్లి దక్కింది. నెలల తరబడి మంచం మీద ఉండి లేచిన మనిషికి, తనకున్న వసతులు లేనివాళ్ల కాళ్లు ఏమవుతున్నాయన్న ప్రశ్న వదల్లేదు. 1975లో ఆయన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పెట్టారు. అపాయింట్‌మెంటు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, వచ్చినవాళ్లకి ఉండడానికి చోటు, తిండి, కాలు. తర్వాత మెహతా సెబీ ఛైర్మన్ అయ్యారు, అయినా ఈ పని వదల్లేదు. అక్కణ్నుంచి కాళ్లు వందలు, వేలు, లక్షలయ్యాయి. హైదరాబాద్‌తో సహా దేశంలో చాలాచోట్ల కేంద్రాలొచ్చాయి. మందుపాతరలు కాళ్లు తీసేసిన అఫ్గానిస్థాన్, కంబోడియాలకూ ఈ పాదం వెళ్లింది.

మయూరి

1981లో సేఠీకి రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. అదే ఏడాది పద్మశ్రీ. పత్రికల్లో వచ్చిన ఆ వార్తను చదివినవాళ్లలో సుధాచంద్రన్ అనే పదహారేళ్ల నర్తకి ఉంది. ఆ ఏడాది మే నెలలో తమిళనాడులో బస్సు ప్రమాదం, పాదం దగ్గర గాయం, సరిగ్గా చూడక అది కుళ్లడం, చివరికి కుడి కాలు మోకాలి కింద తీసేయడం. నాట్యమే జీవితమనుకున్న పిల్లకి నిలబడడమే కరువైంది.

ఆమె జైపూర్ వెళ్లి సేఠీని కలిసింది. మళ్లీ నాట్యం చేయగలనా అని అడిగింది. ఎందుకు చేయలేవు, ప్రయత్నించి చూడమన్నారని ఆమె తర్వాత ఎన్నో చోట్ల చెప్పుకుంది. ఆ మాట తేలిగ్గా అన్నది కాదు. కాలు చేయడం మొదలుపెట్టాక సేఠీ మళ్లీ విద్యార్థి కావాల్సి వచ్చింది. భరతనాట్యంలో పాదం ఏం చేస్తుంది? అరమండిలో మోకాళ్లు పక్కలకి విచ్చుకుంటాయి, పాదాలు బయటికి తిరుగుతాయి, అరికాలు మొత్తం నేలను కొడుతుంది, మరుక్షణం మడమ ఒక్కటే కొడుతుంది. రైతు పాదానికి లోపలికి మళ్లడం కావాలి. నర్తకి పాదానికి బయటికి తిరగడం కావాలి. పాదం తేలిగ్గా తిరిగేలా ఆమె కాలును మార్చి ఇచ్చారు. ఆమె నేలను కొట్టిన ప్రతిసారీ దెబ్బ మొండి కాలికి తగిలేది. రక్తం కారేది. తుడుచుకుని మళ్లీ కొట్టేది.

1984 జనవరిలో ముంబయిలో ఆమె మళ్లీ వేదికెక్కింది. ఆ వార్త చూసి రామోజీరావు ఉషాకిరణ్ మూవీస్ తరఫున సినిమా తలపెట్టారు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగీతం. సుధ పాత్రను సుధే పోషించింది. 1985 నాటి ఆ 'మయూరి' చూసి ఏడవని తెలుగు ఇల్లు లేదనే చెప్పాలి. జైపూర్ కాలు అన్న మాట మన ఊళ్లలో నలుగురి నోళ్లలో పడింది ఆ సినిమాతోనే. కాలు పోయినవాళ్లున్న ఎన్ని ఇళ్లలో ఆ సినిమా చూసొచ్చిన రాత్రి కొత్త ఆలోచన మొదలై ఉంటుందో! వెండితెర చేసిన ఇంత మంచి పని నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే తెలుసు.

లెక్కకు రాని నొప్పి

అందరూ చప్పట్లు కొడుతున్న ఆ రోజుల్లోనే సేఠీ మనసు కుదురుగా లేదు.

శిబిరాలు పెట్టి ఒక్క రోజులో వందల కాళ్లు తొడిగే పద్ధతి వచ్చింది. సుత్తితో కొట్టి చేసే అల్యూమినియం గొట్టం స్థానంలో నీటి పైపులకు వాడే ప్లాస్టిక్ గొట్టం వచ్చింది. పని వేగంగా అవుతుంది, తేలికగా ఉంటుంది. వరుసలో నిలబడ్డవాడు సాయంత్రానికి నడిచి వెళ్తాడు. ఇది తక్కువ పుణ్యమా? కాదు. ఎవరి కోసం ఆగమంటాం?

సేఠీ మాత్రం వేరే ప్రశ్న అడిగారు. పాదం బాగున్నంత మాత్రాన కాలు బాగుంటుందా? మొండి కాలిని పట్టుకునే తొడుగు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. ఎముక ఎక్కడ తేలింది, కండ ఎక్కడ ఉంది, ఏ చోట బరువు మోయగలదు, ఏ చోట మోయలేదు అని చూసి చేయాలి. గొట్టానికీ పాదానికీ మధ్య కోణం కొద్దిగా తప్పినా మోకాలు ఏళ్ల తరబడి ఆ తప్పు మోస్తుంది. శిబిరం నుంచి నడిచి వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత కూడా నడుస్తున్నారా? వెళ్లి చూసిందెవరు? పేటెంటు లేదు కాబట్టి ఎవరైనా చేయవచ్చు, కానీ ఏ రబ్బరు, ఏ పాళ్లు, ఎంత వేడి అన్న కట్టుబాటు లేకపోతే పేరు ఒకటే ఉంటుంది, పాదాలు వేరువేరుగా ఉంటాయి. ఇంకా కొలవాల్సింది, సరిచేయాల్సింది ఉందని ఆయన పట్టు. ఈ విషయంలో సమితితో ఆయనకు పొసగలేదు. మెల్లగా దూరం జరిగారు.

ఈ తగవులో ఎవరిది తప్పని తేల్చడం నా వల్ల కాదు. ఎదురుచూస్తున్నవాళ్ల వరుస నిజం, మెహతా దాన్ని చూశారు. తొడుక్కున్నాక పడే పుండు కూడా నిజం, సేఠీ దాన్ని చూశారు. నా మొగ్గు సేఠీ వైపే అని దాచను. ఎందుకంటే మొదటి రోజునుంచీ ఆయన అడిగింది అదే: ఇచ్చిన కాలు మూలకు చేరిందా, మనిషితో తిరుగుతోందా?

ప్రభుత్వ కొలువు నుంచి రిటైరయ్యాక ఆయన జైపూర్‌లోనే సంతోక్‌బా దుర్లభ్‌జీ ఆస్పత్రిలో పని కొనసాగించారు. పోలియో పిల్లలు బరువైన ఇనుప క్యాలిపర్లు, బూట్లు విప్పి పారేస్తుంటే తేలికపాటి ప్లాస్టిక్‌వి, చెప్పులతో వేసుకోగలిగేవి చేయించడం మీద చాలా శ్రమపడ్డారు. 1989లో జపాన్‌లోని కోబేలో ప్రపంచ కృత్రిమ అవయవ నిపుణుల సభలో క్నూడ్ యాన్సెన్ ఉపన్యాసం ఇచ్చే గౌరవం దక్కింది. ఆ వేదిక మీద ఆయన ఎంచుకున్న అంశం వర్ధమాన దేశాలు ఏ సాంకేతికతను ఎంచుకోవాలన్నది.

కొలత కావాలన్న ఆయన కోరిక కొంత తీరింది. 1995లో లివర్‌పూల్ పరిశోధకులు సాచ్ పాదాన్ని, సియాటిల్ అనే మరో పాదాన్ని, జైపూర్ పాదాన్ని పోల్చారు. మోకాలి కింద కాలు పోయిన ముగ్గురికి మూడూ తొడిగి, నేలలో అమర్చిన బలమాపకాల మీద నడిపించి చూశారు. అడుగు పడ్డప్పుడు దెబ్బను మింగేయడంలో సాచ్ పాదం మెరుగని తేలింది. నడక సహజంగా ఉండడంలో, మంచి కాలికి దగ్గరగా ఉండడంలో జైపూర్ పాదం ముందుంది. సేఠీ లాంటి మనిషికి ఈ రెండు ఫలితాల్లో మొదటిదే ఎక్కువ పనికొచ్చేది. ఏం బాగుచేయాలో చెప్పేది అదే కదా. 2002లో పాలియురెథేన్‌తో తేలికైన పాదం చేయడానికి ఇస్రో తన పరిజ్ఞానం ఇచ్చింది.

2008 జనవరి 6న సేఠీ జైపూర్‌లో కన్నుమూశారు. ఎనభై ఏళ్లు.

ఆ రోజుల్లోనే స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు జైపూర్ సమితితో కలిసి కృత్రిమ మోకాలి మీద పని చేస్తున్నారు. మోకాలి పైన కాలు పోయినవాళ్లకి అంతవరకూ చౌకగా దొరికేది ఒకే ఇరుసు మీద తలుపు బందులా ఆడే మోకాలు. గతుకు నేల మీద అది హఠాత్తుగా ముడుచుకుపోయి మనిషిని పడేస్తుంది. నూనె నింపిన నైలాన్‌తో, నాలుగు ఇరుసుల మీద తిరిగే మోకాలును ఆ పిల్లలు గీశారు. ఖర్చు 20 డాలర్ల లోపు ఉండాలని లెక్కవేసుకున్నారు. 2009లో టైమ్ పత్రిక దాన్ని ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో చేర్చింది. ఆ మోకాలు ఎంతవరకు మడవాలో నిర్ణయించేటప్పుడు వాళ్లు కుర్చీని కొలతగా తీసుకోలేదు. మనిషి గొంతుక్కూర్చుంటే మోకాలు ఎంత మడుస్తుందో చూసి, అంత పెట్టారు.